ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి

మస్కట్ నుంచి నిజ్వాకు వెళ్ళే దారిలో, సీబ్ విలాయత్‌లో ఉంది రుసైల్. ఒమన్‌లో మొదటి పారిశ్రామికవాడ 1983లో ఇక్కడే మొదలైంది. పక్కనే అల్ ఖూద్‌లో 1986లో సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం తలుపులు తెరిచింది. 2003లో నాలెడ్జ్ ఒయాసిస్ పేరుతో ఐటీ పార్కు కూడా వచ్చింది. అయినా రుసైల్ అనగానే ఇప్పటికీ గుర్తుకొచ్చేవి ఫ్యాక్టరీ షెడ్లు, లారీలు, షిఫ్టులే. ఇలాంటి చోట బరువులెత్తి నడుము పట్టేసినవాళ్ళు, వంగి వెల్డింగ్ చేసి మెడ బిగుసుకుపోయినవాళ్ళు, పన్నెండు గంటలు నిలబడి పిక్కలు లాగేసినవాళ్ళు ఎందరో ఉంటారు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి గల్ఫ్‌కు వెళ్ళిన మనవాళ్ళకి ఈ నొప్పులు కొత్త కాదు. అలాగే, మసాజ్ పనికి మనుషులు కావాలన్న ప్రకటన చూసి గల్ఫ్ దారి పట్టాలనుకునే యువతీయువకులూ మన ఊళ్ళలో ఉన్నారు. నొప్పి ఉన్నవాళ్ళకీ, పని వెతుక్కునేవాళ్ళకీ మధ్య ఉండాల్సింది శిక్షణ. దాన్ని పది పదిహేను రోజుల్లో పట్టులు నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెట్టే వ్యవహారంగా చూస్తున్నాం. మర్దనలో అసలు చదువు చెయ్యి ఎక్కడ వేయకూడదో, ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడం. ఆ చదువుకి కాలం పడుతుంది, రోగుల్ని చూసిన అనుభవం కావాలి, పక్కన నిలబడి తప్పులు దిద్దే గురువు కావాలి. ఈ మాటకి మన సంప్రదాయం నుంచీ, ఆధునిక వైద్యం నుంచీ ఆధారాలున్నాయి.

మర్దన మనకి పరాయి విద్య కాదు. దీపావళికీ ఉగాదికీ తలంటు, పెళ్ళిలో నలుగు, బాలింతకి నూనె రాసి వేడినీళ్ళు పోయడం, పసిబిడ్డని కాళ్ళమీద పడుకోబెట్టుకుని ఒళ్ళు రుద్ది నీళ్ళు పోయడం ప్రతి ఇంటికీ తెలిసినవే. తాలింఖానాల్లో వస్తాదులు శిష్యుల ఒళ్ళు పట్టించేవారు. మంగలి షాపులో తల మాలిష్ ఇప్పటికీ ఉంది. గ్రంథాల వైపు చూస్తే చరక, సుశ్రుత సంహితలూ, వాగ్భటుడి అష్టాంగహృదయమూ అభ్యంగనాన్ని రోజువారీ నియమాల్లో చేర్చాయి. తలకీ, చెవులకీ, పాదాలకీ నూనె ప్రత్యేకంగా పట్టించమని వాగ్భటుడు చెప్పాడు. అభ్యంగనం గుణాలు చెప్పిన వెంటనే అది ఎవరికి కూడదో కూడా చెప్పాడు. కఫం పెరిగినవాళ్ళకీ, వమన విరేచనాల వంటి శోధన అప్పుడే చేయించుకున్నవాళ్ళకీ, అజీర్ణంతో ఉన్నవాళ్ళకీ వద్దన్నాడు. విధి పక్కనే నిషేధం ఉందన్నమాట. అయితే మన సమాజంలో గ్రంథం ఒకరి దగ్గర, చెయ్యి ఇంకొకరి దగ్గర ఉండిపోయాయి. శ్లోకం వైద్యుడిదీ పండితుడిదీ. ఒళ్ళు పట్టే పని మంత్రసానిది, నాయీబ్రాహ్మణుడిది, ఇంటి పనిమనిషిది. చేసే చేతికి కారణాలు చెప్పినవారు లేరు, కారణాలు తెలిసినవారు చెయ్యి వేయలేదు. శిక్షణ చేయాల్సిన మొదటి పని ఈ రెంటినీ ఒకే మనిషిలో కలపడం.

నైపుణ్యం సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం. ప్రకృతి చికిత్సాలయాల్లోనూ, ఫిజియోథెరపీలోనూ నేర్పే మర్దనలో ఐదు ప్రధాన కదలికలు ఉంటాయి: నిమరడం, పిసకడం, రుద్దడం, తట్టడం, వణికించడం. ఈ విభజనకి స్వీడన్ పేరు తగిలించి 1813లో స్టాక్‌హోంలో వ్యాయామ సంస్థ పెట్టిన లింగ్‌కి ఆపాదిస్తుంటారు గానీ, ఈ కదలికలకి పేర్లు పెట్టి క్రమపరచింది నెదర్లాండ్స్ వైద్యుడు మెజ్గర్ అని చరిత్రకారులు చెబుతారు. పేరు ఎవరిదైనా క్రమానికి కారణం ఉంది. అరచెయ్యి మొత్తం ఆనించి పొడుగ్గా నిమరడంతో మొదలుపెడతారు. దానివల్ల నూనె పరుచుకుంటుంది, చర్మం వేడెక్కుతుంది, ఎక్కడ బిగువుందో చేతికి తెలుస్తుంది. ఆ తర్వాతే కండరాన్ని ఎముక మీంచి కొద్దిగా పైకెత్తి పిసుకుతారు. ఎక్కడైనా ముడిలా తగిలితే బొటనవేలితో చిన్న చుట్లు చుడుతూ రుద్దుతారు. తట్టడం కండ ఉన్నచోటే. మూత్రపిండాలున్న నడుము పక్క భాగాల మీదా, వెన్నెముక మీదా తట్టకూడదు. చివర్లో మళ్ళీ నిమరడం, ఒత్తిడి తగ్గించుకుంటూ. స్వీడిష్ పద్ధతిలో పొడుగు కదలికలు గుండె వైపు సాగుతాయి. ఆయుర్వేద అభ్యంగనంలో రోమాలు వాలిన దిక్కుగా సాగుతాయి, కీళ్ళ దగ్గర గుండ్రంగా తిరుగుతాయి. పొడితో చేసే ఉద్వర్తనం మాత్రం రోమాలకి ఎదురు. కేరళ పంచకర్మ శాలల్లో రోగిని కూర్చోబెట్టి మొదలుపెట్టి, వెల్లకిలా, ఒక పక్కకి, బోర్లా, రెండో పక్కకి తిప్పుతూ, మళ్ళీ వెల్లకిలా, చివరికి కూర్చోబెట్టి ముగించే ఏడు భంగిమల క్రమం ఉంది.

నూనె విషయమూ అంతే. నువ్వుల నూనె గిన్నెని వేడినీళ్ళ పాత్రలో ఉంచి గోరువెచ్చగా చేస్తారు, నేరుగా పొయ్యి మీద పెట్టరు. ముందు తమ మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసుకుని వేడి చూసుకుంటారు. రోగి ఒంటిమీద పోయకుండా తమ అరచేతిలో పోసుకుని రెండు చేతులకీ పట్టించుకుని అప్పుడు తాకుతారు. సుశ్రుత సంహితకి 12వ శతాబ్దంలో వ్యాఖ్య రాసిన డల్హణుడు నూనె ఒంట్లోకి దిగే తీరుని మాత్రల్లో లెక్కకట్టాడు. మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరం పలికేంత కాలం. 300 మాత్రల్లో రోమమూలాల దాకా, 400కి చర్మానికి, 500కి రక్తానికి, అలా ఒక్కో ధాతువే దాటుతూ 900కి మజ్జకి చేరుతుందన్నాడు. నూనె చాలావరకు చర్మం పైపొరల్లోనే ఉంటుందని ఇవాళ్టి శాస్త్రం చెబుతుంది కాబట్టి ఈ లెక్కని శరీరశాస్త్రంగా తీసుకోలేం. బోధనగా చూస్తే మాత్రం దీని విలువ తగ్గదు. ఒకచోట చెయ్యి వేశాక తొందరపడి తీయవద్దని, ప్రతి భాగానికీ లెక్కపెట్టి సమయం ఇవ్వమని శిష్యుడికి నేర్పే ఉపాయం అది. గంటకి ఎంతమందిని చూశామన్న లెక్కతో నడిచే మసాజ్ సెంటర్లు ఈ పాఠాన్నే ముందు మరిచిపోతాయి.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు గమనించని సంగతి మరొకటి ఉంది. ఈ వృత్తిలో ముందు చెడేది చేసేవాళ్ళ చేతులే. బొటనవేలి బలంతో నొక్కుతూ రోజుకి ఐదారుగురికి మసాజ్ చేస్తే కొన్నాళ్ళకే బొటనవేలి మొదట్లోనూ, మణికట్టులోనూ నొప్పి పట్టుకుంటుంది. అందుకే మంచి బడిలో మొదట నిలబడటం నేర్పుతారు. చేతులు కిందికి వదిలి నిలబడితే పిడికిలి కణుపులు బల్లకి తగిలేంత ఎత్తులో బల్ల ఉండాలి. ఒక కాలు ముందుకి, ఒకటి వెనక్కి పెట్టి, నడుము వంచకుండా, ఒంటి బరువునే ముందుకి వాల్చాలి. వేలి కణుపులు, మణికట్టు, మోచెయ్యి ఒకే వరసలో ఉంటే భుజం నుంచి బరువు దిగుతుంది, వేలు అలసిపోదు. పెద్ద కండరాలకి బొటనవేలు వాడకుండా అరచేతి కింది భాగమో ముంజేయో వాడాలి. పది రోజుల కోర్సులో ఇది చెప్పొచ్చు, కాని ఒంటికి అలవాటు కాదు. తప్పు భంగిమలో రెండేళ్ళు పనిచేసి చేతులు పాడు చేసుకుని ఇంటికి తిరిగొచ్చిన మనిషికి ఆ సర్టిఫికెట్ ఏ విధంగా అక్కరకొస్తుంది?

ఇక ఎక్కడ ఆపాలో చూద్దాం. రుసైల్‌లో పగలంతా ఒకే చోట నిలబడి పనిచేసే కార్మికుడు ఒకడు సాయంత్రం వచ్చి పిక్క లాగేస్తోందని చెప్పాడనుకుందాం. నేర్చుకోని చెయ్యి వెంటనే నూనె తీసుకుంటుంది. నేర్చుకున్నవాడు ముందు రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. ఒక్క పిక్కే వాచిందా? ముట్టుకుంటే రెండోదానికంటే వేడిగా ఉందా? ఎర్రబారిందా? ఈమధ్య కాలు కదపకుండా పడుకున్నాడా, సుదీర్ఘ ప్రయాణం చేశాడా? ఈ గుర్తులుంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. దాన్ని పిసికితే ముక్క తెగి ఊపిరితిత్తులకి చేరి ప్రాణం మీదికి తేవచ్చు. అక్కడ చేయాల్సిన పని ఒక్కటే, చెయ్యి తీసేసి ఆసుపత్రికి పంపడం. రెండు కాళ్ళూ పట్టేసి, బాగా చెమట పోసి, తల తిరుగుతోందంటే అది ఎండదెబ్బ తాలూకు తిమ్మిరి కావచ్చు. ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 వరకు ఆరుబయట పని ఆపాలన్న నిబంధన ఉంది. అలాంటి ఎండల్లో ముందు కావాల్సినవి నీడ, నీళ్ళు, ఉప్పు. మసాజ్ ఆ తర్వాతి మాట. షుగర్ ఉన్నవాళ్ళ పాదాలకి స్పర్శ తగ్గి ఉండొచ్చు, ఎంత నొక్కినా నొప్పి తెలియదు కాబట్టి రోగి చెప్పే మాట మీద ఆధారపడలేం. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి గట్టిగా నొక్కితే కమిలిపోతుంది. నడుం నొప్పితో పాటు తొడల లోపలి వైపు స్పర్శ పోయినా, మూత్రం మీద పట్టు తప్పినా అది అత్యవసర పరిస్థితి. మంగలి షాపుల్లో సరదాగా చేసే మెడ విరుపు కూడా ఈ జాబితాలోదే. దానివల్ల మెడలోని రక్తనాళాలకీ, ఊపిరి తీసుకునే కండరాన్ని నడిపే నరాలకీ దెబ్బ తగిలిన ఉదంతాలు వైద్యులకి తెలుసు. పట్టు రాకపోతే రోగికి సుఖం తగ్గుతుంది, అంతే. ఇవి తెలియకపోతే మనిషే పోతాడు.

ఈ వాదనకి వచ్చే మొదటి అభ్యంతరం ఆధారాలది. మర్దనకి శాస్త్రీయ ఆధారం ఎంతుందని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నడుం నొప్పికి మసాజ్ మీద, వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2015లో వెలువరించిన సమీక్ష 25 ప్రయోగాలను పరిశీలించింది. కొద్దికాలం పాటు నొప్పి తగ్గుతుందని, కాని ఆధారాల నాణ్యత బలహీనమని, దీర్ఘకాలంలో మేలు నిలబడిన దాఖలా లేదని తేల్చింది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల మీద అమెరికాలోని మయామీలో టిఫనీ ఫీల్డ్ బృందం 1986లో ప్రచురించిన అధ్యయనం మరో వైపు చూపిస్తుంది. రోజుకి మూడుసార్లు, పదిహేను నిమిషాల చొప్పున, పదిరోజులు మర్దన చేసిన బిడ్డలు మిగతావాళ్ళకంటే 47 శాతం ఎక్కువ బరువు పెరిగారు. అదే బృందం తర్వాత చేసిన పరిశీలనలో పైపైన నిమిరిన బిడ్డలకంటే కొంచెం ఒత్తిడితో రుద్దిన బిడ్డలే బాగా పెరిగారు. అంటే మర్దన చేశామా లేదా అన్నది ఒక్కటే సరిపోదు, ఎంత ఒత్తిడితో చేశామన్నది ఫలితాన్ని మార్చేసింది. కాబట్టి ఆధారం పరిమితంగా ఉందన్న విమర్శ శిక్షణ అవసరాన్ని ఇంకా పెంచుతుంది. చేతకానివి చేస్తామని చెప్పకుండా ఉండటమూ శిక్షణలో భాగమే. మసాజ్‌తో ఒంట్లో విషాలన్నీ బయటికి పోతాయని, కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లం కరిగిపోతుందని చాలా సెంటర్లు చెబుతాయి. కష్టపడి పనిచేశాక పెరిగిన లాక్టిక్ ఆమ్లం ఏ మర్దనా లేకుండానే గంటా గంటన్నరలో దానంతటదే తగ్గిపోతుంది. నొప్పికి కొంత ఉపశమనం, బిగుసుకున్న ఒంటికి సడలింపు, మనసుకి నెమ్మది ఇస్తామని చెప్పి అంతవరకే నిలబెట్టుకునేవాడు మంచి థెరపిస్టు.

రెండో అభ్యంతరం ఇంటి విద్య గురించి. పాతకాలం మంత్రసానులు, వస్తాదులు ఏ కాలేజీలో చదివారు, చెయ్యి తిరిగితే చాలదా అంటారు. చెయ్యి తిరగడానికి వాళ్ళు పెట్టిన ఏళ్ళని ఈ వాదన లెక్కలోకి తీసుకోదు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పుత్తూరులో విరిగిన ఎముకలకి వేసే కట్టు ఒక కుటుంబంలో తరాలుగా సాగుతున్న విద్య. అక్కడ పిల్లవాడు చిన్నతనం నుంచి పెద్దల పక్కన నిలబడి వేల ఎముకల్ని తాకి చూస్తాడు. అదీ శిక్షణే, గోడలూ పరీక్షలూ లేని శిక్షణ. దాని బలం సుదీర్ఘ సాధనలో, దాని లోపం కారణాల్ని బయటివాళ్ళకి చెప్పలేకపోవడంలో ఉన్నాయి. ఇంటి విద్యని వృత్తిగా మార్చిన దేశాలు రెండింటినీ కలిపాయి. జపాన్‌లో 17వ శతాబ్దంలో సుగియామా వాయిచి అనే అంధ వైద్యుడు చూపులేనివాళ్ళకి ఆక్యుపంక్చర్, మర్దన నేర్పే బడులు పెట్టాడు. వేళ్ళతో చూడగల మనుషులకి అది గౌరవమైన జీవనోపాధి అయింది. ఇవాళ అక్కడ మసాజ్ వృత్తి చేయాలంటే హైస్కూలు తర్వాత మూడేళ్ళ చదువు, ఆపై జాతీయ పరీక్ష ఉండాలి. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం వెయ్యి గంటల శిక్షణ అడుగుతుంది. థాయ్‌లాండ్‌లో వాట్ ఫో ఆలయం దగ్గర 1955లో సంప్రదాయ వైద్య పాఠశాల మొదలైంది. 2019లో థాయ్ మర్దన యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆయుర్వేదం, ప్రకృతి వైద్యం, థాయ్ మర్దన వంటి పద్ధతుల్లో శిక్షణకి ప్రమాణాలు ప్రచురించింది. ఎక్కడ చూసినా శరీర నిర్మాణం, నిషేధాలు, పర్యవేక్షణలో సాధన ఈ మూడూ కనిపిస్తాయి.

మూడో అభ్యంతరం గట్టిగా పైకి అనరు గానీ అందరి మనసులోనూ ఉంటుంది. మసాజ్ అంటే పరువు తక్కువ పని, వెనక ఇంకేదో ఉంటుందన్న అనుమానం. ఈ మచ్చ మనకే పరిమితం కాదు. 1894లో లండన్‌లో మసాజ్ ఇళ్ళ ముసుగులో జరుగుతున్న వ్యవహారాల మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసినప్పుడు పెద్ద దుమారం లేచింది. అదే ఏడాది నలుగురు నర్సులు శిక్షణ పొందిన మర్దనకారుల సంఘాన్ని స్థాపించారు. పరీక్షలు పెట్టారు, నడవడి నియమాలు రాశారు, వైద్యుడి సూచనతోనే పనిచేయాలన్నారు. 1920లో దానికి రాజముద్ర దక్కింది. ఇవాళ్టి బ్రిటన్ ఫిజియోథెరపీ సంఘం దాని వారసురాలే. అక్కడివాళ్ళు మచ్చని తుడిచింది నీతిబోధతో కాదు, నియమాలతో. ఒంటిమీద ఏ భాగానికి పని జరుగుతుందో అది మాత్రమే తెరిచి మిగతాది దుప్పటితో కప్పడం, ప్రతి దశలో రోగిని అడిగి అనుమతి తీసుకోవడం, వివరాలు రాసిపెట్టడం, స్త్రీలకి స్త్రీలు పురుషులకి పురుషులు అన్న గల్ఫ్ మర్యాదని పాటించడం పాఠ్యాంశాలుగా ఉంటే వృత్తికి గౌరవం దానంతటదే వస్తుంది. వద్దన్నప్పుడు ఆపడం, అడగకూడనిది అడిగితే నిరాకరించడం థెరపిస్టుకి కూడా రక్షణే.

చివరి అభ్యంతరం డబ్బుది. అప్పు చేసి గల్ఫ్‌కు వెళ్ళేవాళ్ళు ఏడాది కోర్సు ఎక్కడ చదువుతారని అడుగుతారు. ఈ బాధ నిజమైనదే, తేలిగ్గా కొట్టిపారేయలేం. కాని శిక్షణ లేకుండా వెళ్తే ఖర్చు ఇంకా పెద్దది. చేతిలో నైపుణ్యం లేని మనిషికి ఏజెంటు చెప్పిందే ఉద్యోగం. మసాజ్ అని చెప్పి ఇంటిపనికో అంతకంటే ఘోరానికో అప్పగించిన సందర్భాలు ఉన్నాయి. పదో తరగతి పాసుకాని వాళ్ళకిచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఒమన్‌కు పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి, ఆ పాస్‌పోర్టుతో వెళ్ళే మహిళలకి ముప్పై ఏళ్ళు నిండి ఉండాలి. విజిట్ వీసా మీద వెళ్ళి పనిచేయడం చట్టవిరుద్ధం. ఏజెంటు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో నమోదయ్యాడో లేదో చూసుకోవడానికి పైసా ఖర్చు కాదు. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నది ఇలాంటి దారి చూపడానికే. డబ్బు లేనివాడికి పొట్టి కోర్సు చాలన్న వాదనకంటే, డబ్బు లేనివాడి కోసం పూర్తి కోర్సుని ఉచితంగానో పనిచేస్తూనో చదివే ఏర్పాటు చేయాలన్న వాదనే సబబు.

అందుకు కావాల్సిన సరుకు మన దగ్గరే ఉంది. హైదరాబాద్‌లో గాంధీ ప్రకృతి వైద్య కళాశాల ఉంది. అక్కడి డిగ్రీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళు. హైదరాబాద్, విజయవాడ, తిరుపతిలలో ఆయుర్వేద కళాశాలలు, వాటికి అనుబంధంగా పంచకర్మ చేసే ఆసుపత్రులు ఉన్నాయి. డాక్టర్లని తయారుచేసే ఈ చోట్లే, డాక్టరు కింద చెయ్యి వేసే మనిషినీ తయారుచేయాలి. ఆరు నెలలు శరీర నిర్మాణం, నిషేధాలు, తాకే పద్ధతి. ఆరు నెలలు ఆసుపత్రిలో, ఒక వైద్యుడి కళ్ళముందు, రోగుల మీద సాధన. గల్ఫ్ వెళ్ళేవాళ్ళకి కొంచెం అరబిక్, కొంచెం హిందీ, ఒప్పందం చదవడం. ఏడాదికి ఇంతే పాఠ్యప్రణాళిక. తరాలుగా ఈ పని చేస్తూ వచ్చిన నాయీబ్రాహ్మణ కుటుంబాల పిల్లలకి, మంత్రసానుల వారసులకి అందులో ముందు చోటివ్వాలి. విద్య మొదటినుంచీ వాళ్ళ చేతుల్లోనే ఉంది, రాని గుర్తింపు రావాలి.

మసాజ్ నేర్చుకోవాలనుకునే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ చెప్పేది ఇదే. ఏ కోర్సులో చేరబోయినా ముందు ఒక ప్రశ్న అడగండి: ఎవరికి మసాజ్ చేయకూడదో మీరు ఎన్ని రోజులు నేర్పుతారు? తడుముకోకుండా జవాబు చెప్పి, పక్కనే ఉన్న ఆసుపత్రి వార్డు చూపించేచోట ఫీజు కట్టండి. మొత్తం ఎన్ని పట్టులు నేర్పుతామో మాత్రమే చెప్పేచోట నుంచి లేచి వచ్చేయండి.